ఎర్రకలం అక్కయ్య వాంగ్మూలం

అచ్చాఫీసులో యజమాని మొదలుకొని కాగితపు రీములు మోసే మనిషి దాకా అందరూ ఆవిణ్ణి ఎర్రకలం అక్కయ్య అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి పిలిచేది బ్యాంకులో కిటికీ దగ్గర మాత్రమే. ఆ పిలుపు తనకేనని తెలుసుకోవడానికి ఆవిడకి ఓ క్షణం పడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ పని ఒకటే: అచ్చుకు పోబోయే కాగితం చదవడం, తప్పు కనబడితే పక్కన ఎర్రగా గుర్తు పెట్టడం. పిల్లల లెక్కల పుస్తకమైనా, మందు సీసాతో పాటు మడిచి పెట్టే చీటీ అయినా, రైళ్ళ వేళల పట్టిక అయినా ఆవిడ బల్ల దాటి వెళ్ళాల్సిందే. “పొల్లు పోకుండా అని ఊళ్ళో అందరూ అంటారు. ఆ మాటకి నెలనెలా జీతం పుచ్చుకునేది మాత్రం మా అక్కయ్యొక్కతే,” అని యజమాని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటాడు.

ఆవిడ పనిలో చేరిన కొత్తలో అచ్చు ఇంకా సీసపు అక్షరాలతోనే సాగేది. ఆ అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండేవి. కాగితం మీద పడకముందే తప్పు పట్టుకుంటే సిరా, కాగితం, యజమాని తిట్లు మూడూ మిగులుతాయని అప్పటి ఫోర్‌మన్ నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఆవిడకి తిరగబడ్డ అక్షరం తిన్నటి అక్షరమంత తేలికైపోయింది. తర్వాత సీసం పోయింది, కంప్యూటర్లు వచ్చాయి. ఆ విద్య మాత్రం కంట్లోనే ఉండిపోయింది. అదే ఒకనాడు ఆవిణ్ణి పోలీసు స్టేషను మెట్లెక్కించింది.

ముందు కారు సంగతి చెప్పాలి. ఒకసారి డ్రైవింగు స్కూలు వాళ్ళ రూల్సు పుస్తకం అచ్చుకు వచ్చింది. మూడు దఫాలు ప్రూఫులు చూసేసరికి రూల్సన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. “ఇన్ని తెలిశాక ఇక కొరవ కారొక్కటే కదా,” అనుకుని, యాభై నాలుగో ఏట డ్రైవింగు నేర్చుకుని, అప్పటికే రెండు చేతులు మారిన పాలపిట్ట రంగు చిన్న కారొకటి కొనుక్కుంది.

ఆవిడ భర్త రిటైరైన బస్సు కండక్టరు. “ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడి తిరిగాను, ఒక్కనాడూ కళ్ళు తిరగలేదు. నీ పక్కన కూర్చుంటే తిరుగుతున్నాయే!” అనేవాడు. అలా అంటూనే, కారు వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడల్లా దిగి వెనక నిలబడి, అరచేత్తో డిక్కీ మీద చరుస్తూ “రైట్... రైట్... హోల్డాన్!” అని కేకేసేవాడు. ఆ కేక వెనక ఉన్నన్నాళ్ళూ కారుకి చిన్న గీతైనా పడలేదు.

ఆ మంగళవారం పదకొండు గంటలకి ఆయన వెనక లేడు. చెప్పులు కుట్టించుకోవడానికి వెళ్ళాడు. ఆవిడ ఒక బడిపుస్తకం చివరి ప్రూఫులు పక్క సీట్లో పెట్టుకుని, బైండింగు వాళ్ళకి ఇచ్చి వద్దామని అచ్చాఫీసు సందులోంచి కారు వెనక్కి తీస్తోంది. నడిచే మనిషి కూడా కారుని దాటిపోవచ్చు, అంత నెమ్మది. ఇంతలో సందు మొగలో ఓ వ్యాను అడ్డంగా వచ్చి ఆగడం అద్దంలో కనిపించింది. వ్యాను తలుపు మీద పసుపుపచ్చ రంగుతో బారెడేసి అక్షరాలు. ఇంకొకరికైతే అద్దంలో అవి పిచ్చిగీతలు. ఆవిడ మాత్రం గడగడా చదివేసింది: ‘ప్రతి దీనము వేడి వేడి రొట్టెలు’.

దినము కాదు, దీనము.

గుడా, గుడిదీర్ఘమా? ఆవిడ అద్దం వైపు కాస్త వంగింది. పెయింటరు కుంచె జారిందా, తెలిసే పెట్టాడా? పొద్దున్నే వేడి రొట్టెలు తెచ్చే మనిషికి అంత దైన్యం దేనికి? దగ్గరవుతున్నకొద్దీ అక్షరాలు మరింత స్పష్టమవుతున్నాయి. గుడిదీర్ఘమే, సందేహం లేదని తేల్చుకున్న క్షణాన కారు వెళ్ళి ఆ తలుపుని ‘ధబ్’మని తాకింది.

వ్యాను తలుపు సొట్టపడి లోపలికి ఇరుక్కుపోయింది. కారు వెనక దీపం ఒకటి పగిలింది. వ్యాను దిగిన మనిషి పొట్టిగా, గుండ్రంగా, మోచేతుల దాకా ఆరిన పిండి మరకలతో ఉన్నాడు. మంచి తగువు దొరికిందని పదిమంది పోగయ్యారు.

“అదేంటక్కా, చూసుకోలేదా?” అన్నాడు రొట్టెలాయన.

“చూశాను నాయనా. చూడబట్టే గుద్దాను,” అంది ఆవిడ. జరిగింది జరిగినట్టు చెప్పింది.

అతను వెళ్ళి తన వ్యాను ముందు నిలబడ్డాడు. పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. “రాయించి రెండేళ్ళయిందక్కా! రోజూ తడిగుడ్డ పెట్టి నేనే తుడుస్తాను. ఇన్నాళ్ళూ దీనంగా అమ్ముకుంటున్నానన్నమాట!” అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తగువు కోసం వచ్చినవాళ్ళు ఉసూరుమంటూ వెళ్ళిపోయారు.

తప్పు తనదేనని ఆవిడ బీమా కంపెనీకి ఫోను చేసింది. పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెస్తే తప్ప తలుపూ బాగవదు, దీపమూ బాగవదని వాళ్ళు చెప్పారు. ఒక్క కాగితమే కదా, అరగంటలో తెచ్చేద్దామని ఇద్దరూ బయల్దేరారు.

స్టేషను పాతకాలపు పెంకుటిల్లు. ఆవరణలో ఎప్పుడో పట్టుకొచ్చిన సైకిళ్ళ మీద తీగలు పాకి పూలు పూశాయి. లోపల గోడ గడియారం పది నిమిషాలు ముందుకు నడుస్తోంది. మొదటి బల్ల దగ్గర చిన్న వయసు కానిస్టేబులమ్మాయి పెద్ద రిజిస్టరు తెరిచింది.

“ఎవరి మీద కంప్లయింటు?”

“నా మీదే,” అంది అక్కయ్య.

కలం ఆగింది. “గుద్దింది మీరా అమ్మా?”

“నేనే.”

“గుద్దినవాళ్ళు కంప్లయింటు ఇవ్వకూడదు. గుద్దించుకున్నవాళ్ళు ఇవ్వాలి.” అమ్మాయి రొట్టెలాయన వైపు తిరిగింది. “మీరు చెప్పండి.”

“నాకేం కంప్లయింటు లేదండి. ఆవిడ చాలా మంచిది.”

“కంప్లయింటు లేకపోతే స్టేషనుకెందుకొచ్చారు?”

“కాగితం కోసమండి.”

“కాగితం రావాలంటే కేసుండాలి. కేసుండాలంటే గొడవుండాలి. మీ ఇద్దరికీ గొడవే లేదాయె!”

“పోనీ కాసేపు పడమంటారా?” అని అడిగాడు రొట్టెలాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. వ్యానులో రొట్టెలు చల్లారిపోతున్నాయని అతని బాధ.

బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దావిడ, కళ్ళద్దాలు పోయాయని చెప్పడానికి వచ్చినావిడ, కిసుక్కున నవ్వింది. కానిస్టేబులమ్మాయికీ నవ్వాగలేదు. సొట్టనయితే ఉంది కాబట్టి ‘సంఘటన’ అని రాయొచ్చని దారి చెప్పింది. అయితే లైసెన్సు, బండి కాగితాలు రెండేసి జిరాక్సులు కావాలంది. అవి తెచ్చాక ఫోటో లేదంది.

“బండ్లు రెండూ బయటే ఉన్నాయి కదమ్మా, తీసుకోండి,” అంది అక్కయ్య.

“ఇక్కడ కాదు. జరిగిన చోట, జరిగినప్పుడు ఎలా ఉన్నాయో అలా ఉండాలి.”

మళ్ళీ సందుకి వెళ్ళారు. ఫోను చేస్తే కండక్టరు గారు కూడా కొత్తగా కుట్లు పడిన చెప్పులతో పరుగున వచ్చాడు. భార్యని ఎగాదిగా చూసి, ఒంటి మీద గీత పడలేదని తేల్చుకున్నాక కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. అచ్చాఫీసు కిటికీల నిండా తలకాయలు. కారు తలుపుకి తాకీ తాకనట్టు ఆగాలి, ఇంకో సొట్ట పడకూడదు.

“రైట్... రైట్... ఇంకో జానెడు... ఇంకో బెత్తెడు... హోల్డాన్!”

వెంట్రుకవాసి దూరంలో కారు ఆగింది. కిటికీల్లోంచి చప్పట్లు మోగాయి.

“పొద్దున ఈ పక్కనే ఉండి ఈ కేకేదో వేసి ఉంటే ఈ తంటా ఉండేది కాదు కదండీ,” అంది అక్కయ్య.

“పొద్దున నేనుంటే నువ్వా బోర్డు నాచేత కూడా చదివించేదానివి. ఇద్దరం కలిసి గుద్దేవాళ్ళం,” అన్నాడాయన.

మధ్యాహ్నం రెండు గంటలకి కాగితాలన్నీ కూడాయి. వాటిని పట్టుకుని చివరి గదిలోకి వెళ్ళారు. అది స్టేషను రైటరు గది. కేసు కాగితాలన్నీ రాసేది ఆయనే. గోడల వెంట నేల నుంచి కప్పు దాకా గుడ్డతో కట్టిన ఫైళ్ళు. మధ్యలో సన్నటి పొడవాటి మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, కలానికి సిరా పోస్తున్నాడు. ముందు చేత్తో రాసి, సంతకం చేయించి, తర్వాత కంప్యూటరులోకి ఎక్కించడం అక్కడి పద్ధతి.

ఆయన ఇద్దరూ చెప్పింది శ్రద్ధగా విన్నాడు. తర్వాత కలం ఎక్కడా ఆపకుండా పావుగంట రాశాడు. ఆ చేతిరాత చూసి అక్కయ్యకి ప్రాణం లేచొచ్చింది. ముత్యాలు పేర్చినట్టుంది. ఇన్నేళ్ళలో ఎందరో రచయితల రాతప్రతులు చూసింది గాని ఇంత సొగసైన ‘ళ’ చూడలేదు. ఆయన కాగితం ఆవిడ ముందుకి జరిపి, “కింద సంతకం పెట్టండమ్మా,” అన్నాడు.

ఆవిడ చదివింది. ‘సదరు మహిళ తన యొక్క వాహనమును అతివేగముగానూ, అజాగ్రత్తగానూ, ఎదుటివారి ప్రాణములను లెక్కచేయకయు నడుపుకొని వచ్చి, నిలిచియున్న రొట్టెల వాహనమును బలముగా ఢీకొని, పిదప పరారైనది.’

ఆవిడకి తెలియకుండానే చెయ్యి సంచిలోకి పోయింది. ఎర్రకలం బయటికొచ్చింది. ‘యొక్క’ మీద గీత పడింది. ‘అతివేగముగానూ’ కింద గీత పడి, పక్కన ప్రశ్నార్థకం పడింది. ‘పరారైనది’ చుట్టూ సున్నా పడింది.

కండక్టరు గారు కళ్ళు మూసుకున్నాడు.

“ఏం చేస్తున్నారమ్మా?” అన్నాడు రైటరు.

“అయ్యో... అలవాటండి.” ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. కానీ కాగితం మీది నుంచి చూపు తీసుకోలేకపోయింది. “రైటరు గారూ, నేను పరారైతే మీ ఎదుట కూర్చున్నదెవరండీ?”

రైటరు వంగి చూశాడు. “అది... చెయ్యి అలవాటులో రాసేసింది. కొట్టేస్తాను. మిగతాది మాత్రం అలాగే ఉండాలి. ఇది పద్ధతి.”

“అతివేగం కాదండి. నా పక్కన కుక్క నడిస్తే అది ముందు చేరేది.”

“అతివేగం, అజాగ్రత్త జంట మాటలమ్మా. ఒకటి రాస్తే రెండోది రాయాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇలాగే రాస్తున్నాను. పైనుంచి ఒక్క కాగితం వెనక్కి రాలేదు తెలుసా?” ఆ మాట అంటుంటే ఆయన వెన్ను నిటారుగా అయింది.

“వెనక్కి రాలేదంటే తప్పులు లేవనా, ఎవరూ చదవలేదనా?”

అనేసిన తర్వాత ఆవిడ నాలిక కరుచుకుంది. తగలకూడని చోట తగిలిందని రైటరు ముఖం చూస్తేనే తెలిసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

“తప్పయిపోయిందండి,” అంది ఆవిడ. “నోరు జారాను. మీ చేతిరాత చూసి ఎంత ముచ్చటపడ్డానో ముందది చెప్పాల్సింది.”

ఆయన లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, వరసలో కింది నుంచి నాలుగో కట్ట లాగాడు. దుమ్ము లేచింది. అందులోంచి ఒక కాగితం వెతికి తీసి, తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

“ఇది పన్నెండేళ్ళ కిందటిది. రోడ్డుకి అడ్డొచ్చిన గేదె కేసు. గేదె యజమానురాలు అని రాయాలి. నిద్ర ముంచుకొచ్చి ఒక మాట ఎగిరిపోయింది. వినండి.” ఆయన గొంతు సవరించుకుని చదివాడు. “‘నిందితురాలైన గేదె తన తప్పు ఒప్పుకొని, ఇకముందు ఇటువంటి పని చేయనని చెప్పి, నా సమక్షమున సంతకము చేసినది.’”

ముందు రొట్టెలాయన నవ్వాడు. తర్వాత కండక్టరు గారు. అక్కయ్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు.

“మూడు ఆఫీసులు తిరిగింది ఈ కాగితం,” అన్నాడు రైటరు, వేలితో ముద్రలు చూపిస్తూ. “‘పరిశీలించడమైనది.’ ‘పరిశీలించడమైనది.’ ‘క్షుణ్ణంగా పరిశీలించడమైనది.’ ఆ తప్పు సంగతి మర్నాడే నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. రోజూ టపా వస్తుంటే గుండె దడదడలాడేది, ఇవాళ ఎవడో చదివి తిడతాడని. ఎవడూ తిట్టలేదమ్మా. కొన్నాళ్ళకి భయం పోయి బెంగ పట్టుకుంది. ఇంత రాస్తున్నాను, ఒక్కడూ చదవడా అని.” అంటూండగానే ఆయనకీ నవ్వు తన్నుకొచ్చింది. పన్నెండేళ్ళు కట్టకట్టి దాచిన నవ్వు కదా, కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా ఆగలేదు. ఏమైందోనని కానిస్టేబులమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. ఆమెకీ గేదె కాగితం చదివి వినిపించారు.

ఆ తర్వాత పని మరోలా సాగింది. రైటరు కొత్త కాగితం తీశాడు. “చెప్పండి, ఎలా రాద్దాం?”

“జరిగింది జరిగినట్టు. చిన్న చిన్న వాక్యాలు. ఎవరు చదివినా అర్థమవ్వాలి.”

“అలా రాస్తే పోలీసు కాగితంలా ఉండదేమో?”

“చదివేలా ఉంటుంది.”

ఇద్దరూ మాటా మాటా తూచుకుంటూ కూర్చున్నారు. రైటరుది మంచి చెవి. ఓ చోట ఆవిడ ‘తాకింది’ అంటే, ఆయన కాదన్నాడు. “తాకితే సొట్ట పడదమ్మా. గుద్దింది అనాలి. మీ మీద మీరే జాలి చూపించుకోకూడదు.” ఆవిడ ఒప్పుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో తనని దిద్దిన మనిషి లేడు. ఆవిడకి కోపం రాలేదు సరిగదా, ఉత్సాహం వచ్చింది.

రొట్టెలాయన గడియారం చూడటం మానేశాడు. ఎలాగూ ఈ పూట దుకాణాలకి అందించే వేళ దాటిపోయింది. వ్యాను ముందు సీటు మీదుగా వెనక్కి దూరి, ట్రే తర్వాత ట్రే బయటికి తీసి, స్టేషనులో ఉన్నవాళ్ళందరికీ బన్నులు పంచాడు. కళ్ళద్దాలు పోయిన పెద్దావిడకి రెండిచ్చాడు.

చేతిరాత కాగితం ముగిసింది. ఇక కంప్యూటరు. అన్ని గళ్ళూ సాఫీగా నిండాయి గాని ‘ప్రమాద కారణము’ అన్న గడి దగ్గర బండి ఆగింది. కంప్యూటరు ఇచ్చిన కారణాల్లోంచి ఒకటి ఎంచుకోవాలి: అతివేగము, మద్యపానము, నిద్రమత్తు, వాన, మంచు, పశువులు, ఇతరములు. ‘ఇతరములు’ నొక్కితే చిన్న గడి తెరుచుకుంది. అందులో నలభై అక్షరాలకే చోటు.

“నలభై అంటే బోలెడు కదా,” అన్నాడు కండక్టరు గారు.

“కాదండి. ఇది గుడీ కొమ్మూ వత్తూ అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలినా ఒకటి పట్టుకుంటుంది,” అన్నాడు రైటరు, ఆ కంప్యూటరుతో ఎన్నో దెబ్బలు తిన్నవాడిలా.

ఆవిడ మొదట చెప్పిన వాక్యం సగంలోనే తెగిపోయింది. రైటరు చెప్పింది ఇంకా ముందే తెగింది. కానిస్టేబులమ్మాయి వచ్చి చేరింది. పెద్దావిడ తన బెంచీ తలుపు దగ్గరకి లాక్కుంది. తలా ఒకటి చెబుతుంటే, రైటరు రెండు వేళ్ళతో టక్కుటక్కున కొట్టి చూస్తున్నాడు.

“‘వెనక్కి వస్తూ పైత్యం’ అని పెట్టండి,” అన్నాడు రొట్టెలాయన.

“‘చదువు పిచ్చి’ అనండి, పన్నెండుతో సరిపోతుంది,” అన్నాడు కండక్టరు గారు. నిజంగానే పన్నెండు. భార్య చూసిన చూపుకి ఆయన వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

“‘తప్పు చూస్తూ తప్పు చేసెను’,” అంది పెద్దావిడ. అది అందరికీ నచ్చింది. కానీ ఏ తప్పో తెలియదని అక్కయ్యే కాదంది.

అరగంట గడిచింది. చివరికి అక్కయ్య ఎర్రకలంతో అరచేతిలో రాసుకుని, రెండు మాటలు కొట్టేసి, ఒకటి అటూ ఇటూ మార్చి, పైకి చదివింది. “‘అద్దంలో బోర్డు చదువుతూ బ్రేకు మరిచారు’.”

రైటరు ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. అందరూ తెర వైపు చూస్తున్నారు. చివరి కొమ్ము పడింది. ముప్పై ఏడు.

“పట్టింది!” అని కానిస్టేబులమ్మాయి చిన్నపిల్లలా ఎగిరింది.

“ఆగండి, చివర చుక్క పెట్టండి,” అంది అక్కయ్య. “చోటుందిగా!” చుక్క పడింది. ముప్పై ఎనిమిది.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు జీపు వచ్చి ఆగింది. ముప్పై దాటని అమ్మాయి, పొద్దున్నుంచీ ఎండలో తిరిగి వచ్చిందేమో ముఖం వడిలిపోయి ఉంది. తన స్టేషనులో ఫిర్యాదుదారులు, కానిస్టేబులు, రైటరు ఒకే బల్ల చుట్టూ బన్నులు తింటూ చప్పట్లు కొడుతుంటే గుమ్మంలోనే నిలబడిపోయింది. అందరూ గబుక్కున లేచారు.

“ఏంటిది?”

“యాక్సిడెంటు కేసు మేడమ్,” అన్నాడు రైటరు, నోట్లో బన్ను మింగుతూ.

ఆమె కాగితం తీసుకుంది. సంతకం చేయడానికి కలం తీసి, ఎందుకో మొదటి వాక్యం చదివింది. తర్వాతది చదివింది. నిలబడే చదువుకుంటూ పోయింది. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చుంది. ‘రొట్టెల యజమాని కోపగించుకోలేదు’ అన్న చోట తలెత్తి రొట్టెలాయన్ని చూసింది. చివరికొచ్చేసరికి వడిలిన ముఖం విప్పారింది.

“ఎవరు రాశారిది?”

రైటరూ అక్కయ్యా ఒకరినొకరు చూపించుకున్నారు.

“ఈ స్టేషనుకి వచ్చి ఏడాదిన్నరైంది. సంతకం పెట్టడానికి ముందు పూర్తిగా చదివింది దీన్నే,” అంది ఇన్‌స్పెక్టరు. కాస్త సిగ్గుపడుతూనే అంది. సంతకం చేసి, ముద్ర వేసి, నకలు అక్కయ్య చేతికిచ్చింది. “ఆ బన్నులు ఇంకా ఉన్నాయా?” అని అడిగింది.

అరగంట అనుకున్న పని ఐదు గంటలు పట్టింది. బయటికి వచ్చేసరికి ఎండ తగ్గి గాలి తిరిగింది. ఇంటికి పోతుంటే కండక్టరు గారు పక్క సీట్లో హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కళ్ళు తిరుగుతున్నాయని ఒక్కసారీ అనలేదు. అక్కయ్యకైతే పొద్దుట కారు గుద్దిన మనిషిలా కాదు, ఎక్కడో పరీక్ష పాసై వస్తున్న మనిషిలా ఉంది.

వారానికి బీమా మనిషి వచ్చి చూసుకుపోయాడు. రొట్టెలాయన కొత్త తలుపు బిగించుకుని, దాని మీద రాయించబోయే మాటలు ముందు చీటీ మీద తెచ్చి అక్కయ్య బల్ల మీద పెట్టాడు. ఆవిడ చూసి, మార్చడానికేమీ లేదని కింద సంతకం చేసింది.

మూడు వారాల తర్వాత అచ్చాఫీసుకి ఫోనొచ్చింది. “అక్కయ్యా! వచ్చింది! వెనక్కి వచ్చింది!” అవతల రైటరు గొంతు. తమ ఇద్దరి కాగితాన్ని పై ఆఫీసు తిప్పి పంపిందట. ఆవిడ చేతిలోని ఎర్రకలం బల్ల మీద పెట్టేసింది. “అయ్యయ్యో, నా వల్ల మీ పేరు...”

“వినండి ముందు! అంత తూచి రాశాం గాని బోర్డు మీది మాట రాయనేలేదు. మార్జిన్లో పెన్సిలుతో రాశారు: ‘బోర్డు మీద ఏమని రాసి ఉంది? తెలియజేయగలరు.’ చదివారక్కా! ఎవరో కూర్చుని, చివరిదాకా చదివి, తెలుసుకోవాలనుకున్నారు!” ఆ రోజే అరపేజీ జవాబు రాసి పంపుతున్నానని, ముందు ఫోనులో ఆవిడకి చదివి వినిపించాడు. ఆవిడ ఒకే ఒక్క కామా మార్చమంది. ఆయన మార్చనన్నాడు. ఆయన చెప్పిన కారణం విన్నాక ఆవిడే దిగివచ్చింది.

ఆ ఏడాది చివర్లో రైటరు రిటైరయ్యాడు. ఇంట్లో నాలుగు రోజులు ఉండగానే విసుగెత్తి అచ్చాఫీసుకి వచ్చాడు. అప్పుడే పిల్లల కథల సంపుటం ఒకటి పెద్దది అచ్చుకు వచ్చి ఉంది. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫులో సరిచూసుకోవాలి. చదవడానికి గొంతు ఉన్న మనిషి కావాలని అక్కయ్య యజమానిని అడిగి, తన బల్లకి ఎదురుగా ఆయనకి కుర్చీ వేయించింది.

మొదటి రోజు ఆయన మూడు కథలు చదివాడు. కామా దగ్గర కామా అని, చుక్క దగ్గర చుక్క అని పలుకుతూ, పద్ధతిగా చదివాడు. నాలుగో కథలో నక్క బావిలో పడింది. అక్కడ ఆయన ఆగిపోయాడు.

“ఏమైంది? కానివ్వండి,” అంది అక్కయ్య ఎర్రకలం పట్టుకుని.

“ఇది బయటికొస్తుందాండీ?” అని అడిగాడాయన. “మీరు ముందే చదివారు కదా, చెప్పండి.”

“నేను చెప్పను. పేజీ తిప్పండి.”

ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదకి దించుకుని, గబగబా పేజీ తిప్పాడు.